ఆరు గంటల పరుగు

మే నెల మూడో బుధవారం సాయంత్రం, బట్టల దుకాణం మేడమీది గదిలో పురవీధుల పరుగు సంఘం సమావేశమైంది. హాజరైనవారు: అధ్యక్షుడు, అంటే ఆ దుకాణం యజమాని, కార్యదర్శి, అంటే ఉద్యోగ విరమణ చేసిన డ్రిల్లు మాస్టారు, కోశాధికారి, అంటే ఎదురు వరసలోని మందుల దుకాణం ఆయన. ఈ ముగ్గురూ పిలిస్తే వచ్చినవారు. పిలవకుండా వచ్చిన నాలుగో మనిషి ఆవిరక్క. ఆవిరి లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది కనుక ఆ పేరు వచ్చింది. అసలు పేరు లాండ్రీ యజమానికి కూడా జీతాల రోజున మాత్రమే గుర్తొచ్చేది.

గదిలో కుర్చీలు మూడే ఉండడంతో ఆవిరక్క పరుపు గుడ్డల బేలు మీద కూర్చుంది. కూర్చునేటప్పుడు పక్కనే మడిచి ఉన్న దుప్పటిని అసంకల్పితంగా వేలితో నొక్కి చూసి, మడత సరిగా లేదన్నట్టు పెదవి విరిచింది. పంకా తిరుగుతున్నా గాలి కదలడం లేదు. అధ్యక్షుడు చేతిరుమాలును కాలరు లోపల పెట్టుకుని మాట్లాడుతున్నాడు.

ఆమె అడగవచ్చిన విషయం చిన్నది. గోడల మీద అంటించిన కాగితాల్లో పరుగు ఉదయం ఆరు గంటలకు అని ఉంది. ఆరు గంటలకే మొదలుపెట్టమని ఆమె కోరిక. అధ్యక్షుడు ఓపికగా నవ్వాడు. కాగితంలో ఎప్పుడూ ఆరే వేస్తామని, ఆరని వేస్తేనే జనం ఏడుకైనా చేరతారని, జెండా ఊపవలసింది ముఖ్య అతిథి కనుక ఆ వచ్చే పెద్దమనిషి వీలునుబట్టి మొదలవుతుందని వివరించాడు. పెద్దవాళ్ళకు వంద పనులుంటాయి.

పోయిన ఏడాది ఆ పెద్దమనిషి వచ్చేదాకా తన చెల్లెలు ఎండలో నిలబడిందని, రెండో మలుపు దాటకుండానే రోడ్డు మీద పడిపోయిందని ఆవిరక్క అంది. గొంతు పెంచలేదు. బట్ట మీద మరక ఎక్కడుందో చూపించినట్టు చెప్పింది.

“పరగడుపున వచ్చిందమ్మా ఆ అమ్మాయి,” అన్నాడు అధ్యక్షుడు. “ఖాళీ కడుపుతో పరిగెత్తితే ఎవరైనా పడతారు. ఆ రోజే మైకులో చెప్పాను కదా, అందరికీ హెచ్చరికగా ఉంటుందని.”

“రెండు అరటిపళ్ళు తిన్నదండీ. నేనే ఒలిచి చేతికిచ్చాను.”

“ఒలవడం మీరు చూశారు. తినడం ఎవరు చూశారు?” అన్నాడు మందుల దుకాణం ఆయన. అధ్యక్షుడు నవ్వాడు. డ్రిల్లు మాస్టారు నవ్వలేదు. ఒళ్ళో ఉన్న స్టాప్‌వాచీ అద్దాన్ని లాల్చీ అంచుతో తుడుస్తూ ఉండిపోయాడు.

చివరకు రాజీగా, గీత దగ్గర ఒక నీళ్ళ డ్రమ్ము అదనంగా పెట్టిస్తామన్నారు. ఆవిరక్క లేచి, తాను కూర్చున్న చోట గుడ్డ నలిగితే అరచేత్తో సాపు చేసి, డ్రమ్ము మంచిదేనని, ఆదివారం ఆరింటికి మాత్రం తాను గీత దగ్గర ఉంటానని చెప్పి మెట్లు దిగింది.

అక్కచెల్లెళ్ళూ తల్లీ ఉండే ఇల్లు సైకిళ్ళ మరమ్మతు కొట్టు పైన రెండు గదులు. మెట్లు నిటారుగా ఉంటాయి. ఆవిరక్క వీధి మలుపు తిరిగేసరికే ఆ మెట్ల మీద చెల్లెలి అడుగుల చప్పుడు వినబడింది: పైకి, కిందికి, మళ్ళీ పైకి. ఎడమ పాదం కుడి పాదం కంటే కాస్త గట్టిగా పడుతుంది, చిన్నప్పటినుంచీ అంతే. కొట్టులో పంక్చరు వేస్తున్నతను ఆవిరక్కను చూసి, మీ చెల్లెలు ఇలాగే తొక్కితే మెట్లు అరిగి మేమంతా నిచ్చెన వేసుకోవాలని ఫిర్యాదు చేశాడు.

చెల్లెలు బస్సు డిపోలో టిక్కెట్ల కౌంటరులో కూర్చుంటుంది. భర్త లారీ డ్రైవరు. నెలలో సగం రోజులు దూరపు రోడ్ల మీద ఉంటాడు కనుక ఆ సగం రోజులూ ఆమె ఇక్కడే ఉంటుంది. ఈసారి ఫోనులో అతను ఒక్కటే మాట చెప్పాడు: పరుగూ వద్దు, గిరుగూ వద్దు. చెల్లెలు సరేనని ఫోను పెట్టేసి బూట్లు కట్టుకుంది.

తల్లి ఉల్లిపాయలు తరుగుతూ సమావేశంలో జరిగింది విన్నది. కత్తి ఆపకుండానే తీర్పు చెప్పింది.

“ఒకదానికి బుద్ధి లేదు, ఇంకోదానికి భయం లేదు. రెంటిలో ఏది నయమో నాకు ఇప్పటికీ తెలియలేదు.”

ఏది ఎవరికి లేదో చెప్పమని కూతుళ్ళిద్దరూ అడిగారు. రోజును బట్టి మారుతుందని ఆమె అంది.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఆవిరక్క అసలు మాట ఎత్తింది. ఆరింటికి మొదలైతే సరే. ఆలస్యమైతే ఇద్దరం గీత దగ్గరినుంచి ఇంటికి వచ్చేద్దాం. చెల్లెలు కంచాలు కడుగుతూ వింది. కడిగిన కంచాన్ని గోడకు ఆనించింది. అది జారితే మళ్ళీ ఆనించింది.

“నువ్వు వచ్చేయ్ అక్కా. నేను ఉంటాను.”

“మళ్ళీ పడితే?”

“పడితే లేస్తాను. నీకు తెలియదు. రోజూ పొద్దున కౌంటరు తెరవగానే మొదటి బస్సు డ్రైవరు వచ్చి అడుగుతాడు, మేడమ్, అరటిపండు తిన్నారా అని. వెనకాలే కండక్టరు. ఏడాదినుంచీ. వాళ్ళకి విసుగు రాదు. ఆ రోడ్డు మొత్తం పరిగెత్తి ఇవతలికి వస్తే తప్ప ఆ మాట నన్ను వదలదు.” చేతులు తుడుచుకుంది. “ఇంకోటి. నా పక్కన పరిగెత్తకు. నీ పరుగు నువ్వు పరిగెత్తు. నాకు కాపలా కాస్తున్నావని తెలిస్తే ఆ నవ్వు రెండింతలవుతుంది.”

ఆవిరక్కకు చెల్లెలి మాటలో తప్పు దొరకలేదు. అదే ఆమెకు కష్టమైంది. తప్పు దొరికితే సరిదిద్దడం ఆమెకు తెలుసు.

శుక్రవారం నాడు వాన వచ్చేలా ఉండి రాలేదు. లాండ్రీ గదిలో కిటికీ అద్దాలు లోపలివైపునుంచి ధారలు కట్టాయి. ఆసుపత్రి దుప్పట్లు బండెడు వచ్చాయి. ఇద్దరేసి స్త్రీలు ఎదురెదురుగా నిలబడి, తడి దుప్పటి నాలుగు మూలలూ పట్టుకుని, ఒక్క గుంజు గుంజి, మధ్యకు మడిచి, వేడి రోలర్ల మధ్యకు నెడుతున్నారు. ఆవిరక్కది చొక్కాల బల్ల. ముందు కాలరు, తరువాత భుజంపట్టీ, తరువాత చేతుల అంచులు, చివరకు వీపు. ఈ వరస తప్పితే వేసిన ఇస్త్రీ మళ్ళీ నలుగుతుంది. ఇస్త్రీపెట్టె కిందినుంచి ఆవిరి బుస్సున లేచి ఆమె ముఖాన్ని కప్పి విడిచిపెడుతుంది. చెమట ఆరదు, ఆరడానికి గాలిలో చోటు లేదు. ఈ గదిలో పదేళ్ళు పనిచేసినవాళ్ళకు వీధిలో ఉక్కపోత అంటే కాస్త చల్లటి రోజని ఆమె హాస్యం. వాళ్ళలో డజనుమంది ఆదివారం పరుగుకు పేర్లిచ్చారు కూడా.

ఆ గదిలో ఎవరూ రాయని నియమం ఒకటి ఉంది. ఉక్కకు ఎవరికైనా తల తిరుగుతున్నట్టు కనిపిస్తే, పక్కనున్న మనిషి చేతికందిన ఇనుప వస్తువుతో ఆవిరి గొట్టం మీద మూడుసార్లు కొట్టాలి. ఆ చప్పుడు వింటే అందరూ పెట్టెలు నిలబెట్టి, ఎవరినీ అడగకుండా, ఎందుకని కూడా అడగకుండా పెరట్లోకి నడిచిపోవాలి. కొట్టవలసింది పక్క మనిషే. తల తిరిగేవాళ్ళు తమకేమీ కాలేదనే చెబుతారు. కింద పడేదాకా అదే చెబుతారు.

మధ్యాహ్నం ఆవిరక్క, ఎదుటి బల్ల దగ్గరి కొత్త అమ్మాయి ఒకే చేతి అంచును మళ్ళీ మళ్ళీ ఇస్త్రీ చేయడం గమనించింది. నీళ్ళ లోటాతో గొట్టం మీద కొట్టింది. మూడో దెబ్బ మోగుతుండగానే గది సగం ఖాళీ అయింది. పెరట్లో గోడ నీడన నిలబడి, ఆ అమ్మాయి నెత్తిన తడిగుడ్డ వేసి, అందరూ ఆదివారం సంగతి మాట్లాడుకున్నారు. రోలరు దగ్గర పనిచేసే, అందరూ వదిన అని పిలిచే ఆమె, గెలిచేది ఎలాగూ కాలేజీ కుర్రాళ్ళే కనుక తాను చివరి స్థానం కోసం గట్టిగా ప్రయత్నిస్తానంది. ఆ స్థానానికి పోటీ ఎక్కువని ఇంకొకామె హెచ్చరించింది. సూపర్‌వైజరు తలుపు దగ్గరికి వచ్చి, చూసి, వెళ్ళిపోయాడు.

ఆదివారం తెల్లవారేసరికే గాలి స్తంభించి ఉంది. బట్టల దుకాణం ముందు రోడ్డు మీద సున్నంతో గీత గీశారు. వెనక తాడు కట్టారు. రెండు పక్కలా ఇనుప కమ్మీల కంచెలు పెట్టారు. రెండు వందలమందికి పైగా ఆ దొడ్డిలో కిక్కిరిసి నిలబడ్డారు. నీళ్ళ డ్రమ్ము మాట నిలబెట్టుకున్నారు కానీ దాన్ని కంచెకు అవతల పెట్టారు.

ఆరయింది. ముఖ్య అతిథి రాలేదు. ఈ ఏటి అతిథి పెద్దాసుపత్రి సూపరింటెండెంటు, డాక్టరమ్మ. వస్తున్నారు, దారిలో ఉన్నారు అని అధ్యక్షుడు మైకులో రెండుసార్లు చెప్పాడు. మూడోసారి పాట వేశాడు. ఏడు దాటేసరికి మేడల మధ్యనుంచి సూర్యుడు పైకి వచ్చి సరిగ్గా గీత మీదనే కూర్చున్నాడు. చొక్కాలు వీపులకు అతుక్కున్నాయి. డ్రిల్లు మాస్టారు గీత చివర స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడి ఉన్నాడు; బొటనవేలు మీట మీద ఉంది. ఆయన ఎవరివైపూ చూడడం లేదు.

చెల్లెలు రెండు వరసల ముందు ఉంది. ఒక్కసారి వెనక్కి తిరిగి, వెళ్ళాలనుంటే వెళ్ళమన్నట్టు కనుబొమలతో అక్కకు సైగ చేసింది. ఆవిరక్క కదలలేదు. పక్కనున్న వదిన, మనం లాండ్రీ గదిలోనూ నిలబడే ఉంటాం కానీ అక్కడ జీతమిస్తారని గొణిగింది.

అప్పుడు ఆవిరక్క రొట్టెల బట్టీ అతన్ని చూసింది. ఆమెకు ఎదురుగా, కంచెను ఆనుకుని నిలబడ్డాడు. పెద్ద మనిషి, అంతసేపూ పక్కవాళ్ళను నవ్విస్తూనే ఉన్నాడు. ఇప్పుడు మాట్లాడడం లేదు. ముఖమంతా చెమట కారుతుంటే చెవి తమ్మెలు మాత్రం మైదాపిండిలా పాలిపోయాయి. ఛాతీమీద పిన్నుతో గుచ్చిన అంకె చీటీని తీసి, చూసి, మళ్ళీ గుచ్చాడు. మళ్ళీ తీశాడు.

ఏం బాబూ, బాగానే ఉందా అని ఆమె అడిగింది. నాకేం, బ్రహ్మాండంగా ఉన్నానన్నాడతను.

ఆవిరక్క ఇంటినుంచి తెచ్చుకున్న స్టీలు నీళ్ళ లోటాతో ఇనుప కమ్మీ మీద మూడుసార్లు కొట్టింది.

ఆమె ఉద్దేశం ఎండలోనుంచి బయటికి నడవాలని మాత్రమే. కానీ వెనక తాడుంది, పక్కల కంచెలున్నాయి. తెరిచి ఉన్న దారి ఒక్కటే, ముందున్న రోడ్డు. లాండ్రీ స్త్రీలు డజనుమందీ, పదేళ్ళుగా ఆ చప్పుడుకు కదిలినట్టే, ఎవరినీ అడగకుండా, ఎందుకని అడగకుండా, గీత దాటి నడిచారు. వాళ్ళు నడవడం చూసి ముందు వరస కాలేజీ కుర్రాళ్ళు దూకారు. వాళ్ళు దూకడం చూసి దొడ్డి మొత్తం కదిలింది. పాట మధ్యలో మైకు నోరు తెరిచి “ఆగండి, ఆగండి” అంది. అప్పటికి రెండు వందల జతల బూట్ల చప్పుడులో అది ఎవరి చెవికీ చేరలేదు.

రొట్టెల బట్టీ అతను పరిగెత్తలేదు. జనం పలచబడగానే కాళ్ళు మడుచుకుని పేవుమెంటు మీద కూర్చున్నాడు. మందుల దుకాణం ఆయన డ్రమ్ము మూత తీసి చెంబుతో అతని నెత్తిన నీళ్ళు పోయడం ఆవిరక్క చూసింది. చూశాక, ఇక ఇక్కడ తనకు పనేమీ లేదనిపించి, పరిగెత్తింది.

అయిదు కిలోమీటర్ల దారి. గోదాముల వీధి దాటి, రైలు గేటు పక్కగా, కాలువ గట్టు మీదుగా తిరిగి అదే గీత దగ్గరికి. గోదాముల వీధిలో గాలి తడిగుడ్డలా ముఖానికి తగిలింది. ఆవిరక్క అలవాటు ప్రకారం నోరు కొంచెమే తెరిచి, పొట్టి పొట్టి ఊపిర్లు తీసింది. ఆవిరి లేచినప్పుడు నిండా పీల్చకూడదు. కుర్రాళ్ళు మొదటి మలుపు దగ్గరే వేగం ఖర్చుపెట్టి, రైలు గేటు వచ్చేసరికి నడుములు పట్టుకుని నడుస్తున్నారు. వాళ్ళను ఒక్కొక్కరినీ బల్ల మీది చొక్కాల్లా వరసగా తీసి పక్కన పెట్టుకుంటూ సాగింది. రెండో మలుపు వచ్చింది. పోయిన ఏడాది చెల్లెలు పడ్డ చోట తారు మీద ఏ గుర్తూ లేదు. ఉంటుందని తాను ఇన్నాళ్ళూ అనుకున్నట్టు అప్పుడే తెలిసి ఆమెకు ఆశ్చర్యం వేసింది.

గీత దగ్గరి తొక్కిసలాటలో చెల్లెలు కంచె పక్కకు ఒదిగి, తరువాత కనబడలేదు. ఇప్పుడు ముందుందో వెనకుందో తెలియదు. వెనక్కి చూడకూడదని ఆవిరక్క నిర్ణయించుకుంది. మాటంటే మాటే. కాలువ గట్టు ఎక్కాక ఆ నిర్ణయాన్ని ఇంకోసారి నిర్ణయించుకోవలసి వచ్చింది. చెమట కళ్ళలోకి దిగి మండింది. తుడుచుకునే చెయ్యి కూడా తడే.

గట్టు దిగే చోట వెనకనుంచి అడుగుల చప్పుడు వచ్చింది. ఎడమది కుడిదానికంటే గట్టిగా పడుతోంది. తొందరలేదు, తడబాటు లేదు. మెట్ల మీద విన్న చప్పుడే. అది దగ్గరైంది. పక్కకు వచ్చింది.

“ఏమక్కా, పెట్టె చల్లారిందా?” అని చెల్లెలు ఆమెను దాటిపోయింది.

ఆవిరక్కకు నవ్వొచ్చి ఊపిరి లెక్క తప్పింది. ఆ లెక్క మళ్ళీ దొరికేసరికి చెల్లెలి వీపు మీది అంకె చీటీ చాలా చిన్నదైపోయింది. పట్టుకోవాలని నిజంగానే ప్రయత్నించింది, పట్టుకోలేకపోయింది. ఏడాది మొత్తంలో ఆమె మనస్ఫూర్తిగా ఓడిపోయినది అక్కడే.

గీత దగ్గర డ్రిల్లు మాస్టారు ఒక్కొక్కరి సమయం పైకి చదువుతున్నాడు. పక్కన మందుల దుకాణం ఆయన రాసుకుంటున్నాడు. స్త్రీలలో చెల్లెలు మొదటిది. ఆవిరక్క రెండోది. చెల్లెలు మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగి, వంగినచోటే నవ్వుతోంది. బట్టీ అతను తడిబట్టలతో లేచి కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ చప్పట్లు కొడుతున్నాడు.

అధ్యక్షుడు ముఖం కందగడ్డలా పెట్టుకుని వచ్చాడు. ఇది పరుగు కాదన్నాడు. జెండా ఊపలేదు, ఎవరూ మొదలుపెట్టలేదు. డాక్టరమ్మగారు రాగానే మళ్ళీ మొదలు పెడతామని, అంతదాకా అందరూ తాడు వెనక్కి వెళ్ళాలని మైకు అందుకోబోయాడు.

“సమయం ఉంది,” అన్నాడు డ్రిల్లు మాస్టారు.

“ఏం సమయం?”

మాస్టారు స్టాప్‌వాచీ చూపించాడు. ముల్లు ఇంకా తిరుగుతోంది. నొక్కాలని తాను అనుకోలేదని, గీత మీద మొదటి పాదం పడగానే వేలు తనంతట తానే నొక్కిందని, జీవితమంతా దానికి నేర్పింది అదొక్కటేనని సంజాయిషీ చెప్పాడు. నొక్కాక ఆపడం మాత్రం తన వల్ల కాలేదట.

ఆ మాట సాగుతుండగానే కారు వచ్చి ఆగింది. డాక్టరమ్మ దిగి, చెమటలో మునిగిన జనాన్ని, గీతను, తన కోసం బల్ల మీద పెట్టిన పచ్చ జెండాను వరసగా చూసింది. ఆలస్యమైందా అని అడిగింది. లేదు లేదు అని అధ్యక్షుడు చేతులు కట్టుకున్నాడు.

“ఎనిమిదింటికి అన్నారు కదా. ఎండకి ముందే అయిపోతే మంచిదేమో అనుకుంటూనే వచ్చాను. నేను నాలుగున్నరకే లేస్తానండీ, అడిగితే చెప్పేదాన్ని.”

అధ్యక్షుడు ఏదో చెప్పబోయాడు. పెద్దవాళ్ళను పిలిచి ఎండలో నిలబెట్టడం మర్యాద కాదని, జనం చేరి అంతా సర్దుకున్నాక వస్తే బాగుంటుందని, ప్రతి ఏడూ అతిథిగారికి కాస్త వెనక సమయం చెప్పడం ఆనవాయితీ అని. చెబుతున్నకొద్దీ ఆయన గొంతు తగ్గింది. తాను చెబుతున్నది ఏమిటో ఆయనకే అప్పుడు మొదటిసారి వినబడినట్టుంది.

డ్రిల్లు మాస్టారు చెల్లెలివైపు తిరిగాడు.

“పోయిన ఏడాది వచ్చిన పెద్దమనిషికీ ఎనిమిదే చెప్పామమ్మా,” అన్నాడు. “ఆయన సరిగ్గా ఎనిమిదింటికే వచ్చారు.”

చెల్లెలు నడుం నిటారుగా చేసింది. ముఖం మీద చెమట అలాగే కారుతోంది, తుడుచుకోలేదు.

“అయితే నేను తినకపోవడం వల్ల కాదన్నమాట,” అంది.

మందుల దుకాణం ఆయన తన చేతిలోని కలాన్ని పరీక్షగా చూసుకున్నాడు. అధ్యక్షుడే, “కాదమ్మా,” అన్నాడు. అది మైకులో చెప్పాలని చెల్లెలు అడగలేదు. ఆవిరక్క అడిగింది. ఆయన చెప్పాడు. వాక్యం కుదురుగా రాలేదు గానీ, గుంపులో ఉన్న డిపో డ్రైవర్లు ముగ్గురు దాన్ని విన్నారు. వాళ్ళలో ఒకడు నేలచూపులు చూశాడు.

అప్పుడే వీధి చివర రోలరు దగ్గరి వదిన కనబడింది. ఆ వెనక ఎవరూ లేరు. అన్నంత పనీ చేసింది. డాక్టరమ్మ వెళ్ళి బల్ల మీది జెండా తీసుకుని, గీత దగ్గర నిలబడి, ఆమె దాటేదాకా ఊపింది. వదిన ఆ జెండాను తన హక్కుగా స్వీకరించింది.

ఫలితాల కాగితం పూర్తి చేయవలసి ఉంది. మాస్టారు దాన్ని డ్రమ్ము మూత మీద పరిచాడు. స్థానాలు, సమయాలు, ముగ్గురి సంతకాలు అయ్యాయి. పైన ‘పరుగు ప్రారంభించినవారు’ అన్న చోట ఖాళీ మిగిలింది. డాక్టరమ్మ చేయి అడ్డంగా ఊపి, తాను వచ్చేసరికే అంతా అయిపోయిందని, చేయని పనికి సంతకం పెట్టే అలవాటు తనకు లేదని చెప్పింది. ఖాళీగా వదిలేద్దామన్నాడు అధ్యక్షుడు.

ఖాళీ ఉంటే ఆ కాగితం చెల్లదని మాస్టారు అన్నాడు. తన మెడలోని తువ్వాలు తీసి ఆవిరక్కకు అందించాడు. ఆమె చేతులు తుడుచుకుంది, వేళ్ళ సందులు కూడా. కలం పట్టుకుని, ఏ పేరు రాయాలని అడిగింది.

“మీ పేరేనమ్మా. పూర్తిగా.”

ఇంటిపేరుతో మొదలుపెట్టి, ఏ అక్షరమూ కుదించకుండా, ఆమె తన పేరు రాసింది. చివరి అక్షరం దగ్గర తడికి సిరా కాస్త అలుక్కుంది. మాస్టారు నోటితో ఊది ఆరబెట్టాడు. ఆ గాలిలో ఆరడానికి చాలాసేపు పట్టింది; ఎవరూ తొందరపెట్టలేదు. ఆరాక మాస్టారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టబోతే ఆవిరక్క తీసుకుని, అంచులు కలిపి, గోటితో మడత గీసి ఇచ్చింది. ఆయన దాన్ని లాల్చీ జేబులో పెట్టుకుని గుండీ పెట్టుకున్నాడు.